నాలుగు ఉపయోగాలు, ఒక అమ్మకం

చినుకు గొడుగుల కంపెనీ ఎండీ కనకరత్నం గారు హైదరాబాదులో ఏదో సదస్సుకి వెళ్లొచ్చిన మర్నాడు సిబ్బందినంతా పెద్ద హాల్లోకి పిలిపించి, "మనం ఇన్నాళ్లూ జనాన్ని పీడించాం" అన్నారు.

ఆ పీడించినవాడు భావనారాయణ. కాకినాడ ఆఫీసు నుంచి కస్టమర్లకి వెళ్లే ఈమెయిళ్లన్నీ రాసేది అతనే. "కొనండి." "ఇంకా కొనలేదా?" "రేపే ఆఖరు." "ఆఖరు తేదీ పొడిగించాం." "పొడిగించిన ఆఖరు తేదీకి ఇదే ఆఖరు." సామర్లకోట నుంచి ఒక పెద్దాయన "మీ గొడుగు రెండో వానకే చిరిగింది, మీ మెయిళ్లు మాత్రం ఎంత చింపినా చిరగటం లేదు" అని జవాబిచ్చాడు. ఆ జవాబు భావనారాయణ ఎవరికీ చూపించలేదు. కానీ తలంటు పోసుకుంటుంటే కూడా అదే గుర్తొచ్చేది.

అతనిది అదో రకం మనసు. గాంధీనగరంలో ఒక గదిలో ఒంటరిగా ఉండేవాడు. ఏ మాటన్నా, అన్నాక దాన్ని వెనక్కి లాగి, తిరగేసి, అడుగున ఏముందో చూసుకునేవాడు. అడుగున ఎప్పుడూ ఒకటే కనిపించేది: తనకేదో కావాలి. టీ కొట్టాయన్ని "ఏం బాబాయ్, ఒంట్లో ఎలా ఉంది" అని అడిగితే, టీ తొందరగా కావాలి. ఎవరినైనా మెచ్చుకుంటే, తిరిగి మెచ్చుకోవాలి. మాట్లాడకుండా కూర్చుంటే, ఆ మౌనాన్ని ఎవరైనా గమనించి ఏమైందని అడగాలి.

ఇలాంటి మనిషి ప్రేమలో పడకూడదు. అయినా పడ్డాడు. ఆమె పేరు లోవకుమారి. ఫిర్యాదుల విభాగంలో పని. చిరిగిన గొడుగు పట్టుకుని కేకలేస్తూ వచ్చినవాళ్లు ఆమెతో రెండు మాటలు మాట్లాడేసరికి తప్పు గాలిదేనని ఒప్పుకుని వెళ్లిపోయేవారు. ఆమెకి తన మనసులో మాట చెప్పాలని భావనారాయణ ఏడాదిగా అనుకుంటున్నాడు. నోరు తెరవబోయినప్పుడల్లా ఆ మాట అడుగున ఉన్న 'కావాలి' కనబడి, సిగ్గేసి, "ఫ్యాను కాస్త తగ్గించమంటారా?" అని ఊరుకునేవాడు.

"ఒక్క అమ్మకం మాట చెప్పాలంటే ముందు నాలుగు పనికొచ్చే మాటలు చెప్పాలి" అంటున్నారు కనకరత్నం గారు. "నాలుగు ఇచ్చి ఒకటి అడగాలి. ప్రపంచమంతా ఈ నిష్పత్తి మీదే నడుస్తోందట. మనకే తెలీదు. ఇవాళ్టి నుంచి చినుకు కంపెనీ జనానికి పనికొస్తుంది."

భావనారాయణకి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లకి ఒకరు తన అపరాధ భావానికి కొలత చెప్పారు.

కొలత అన్నాక కొలిచేవాళ్లు ఉండాలి కాబట్టి మధ్యాహ్నానికల్లా సంతులన విభాగం ఏర్పడింది. దానికి అధిపతి పరబ్రహ్మం గారు. అంతకు ముందు ఆయన గోడౌన్లో గొడుగు ఊచల వంపు సరిచూసేవారు. ఊచల వంపు పట్టినవాడు మాటల వంపు పట్టలేడా అని ఎండీ గారి ఉద్దేశం. ఆయనకి సహాయంగా లోవకుమారిని వేశారు. భావనారాయణ రాసే ప్రతి వాక్యాన్నీ ఆమె చదివి, ఉపయోగమైతే కింద పచ్చగీత, అమ్మకమైతే ఎర్రగీత గీయాలి. ఆమె బల్ల భావనారాయణ బల్లకి ఎదురుగా జరిగింది. అతనికి ఆ నిష్పత్తి మీద భక్తి కలిగింది.

మొదటి మెయిల్ అతను ఎంతో శ్రద్ధగా రాశాడు. "రేపు సాయంత్రం మన జిల్లాలో వాన పడవచ్చు" అనేది మొదటి వాక్యం. లోవకుమారి పచ్చగీత గీసింది. పరబ్రహ్మం గారు కళ్లజోడు సర్దుకుని ఇద్దరినీ పిలిచారు.

"దీన్ని ఉపయోగం అని ఎలా నిర్ధారించారమ్మా?"

"వాన పడుతుందని చెప్తే జనం జాగ్రత్త పడతారు కదండీ" అన్నాడు భావనారాయణ, ఆమెకి అడ్డం వెళ్లి.

"జాగ్రత్త పడి?"

"గొడుగు పట్టుకెళ్తారు."

"ఎవరి గొడుగు?"

"మనదేనండీ" అని ఒప్పుకున్నాడు భావనారాయణ.

"చూశారా! టీవీవాడు వాన అంటే వాతావరణం. మనం వాన అంటే వ్యాపారం. దీన్నే ఉద్దేశపూర్వక మేఘ ప్రస్తావన అంటారు."

ఎవరంటారో ఆయన చెప్పలేదు. సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, వాన, మబ్బు, జల్లు, తుపాను, ఎండ, వడదెబ్బ, నీడ మొదలగు పదములు ప్రత్యక్ష విక్రయ పదములుగా పరిగణింపబడును. 'తడి' అను పదము సందర్భమును బట్టి పరిశీలింపబడును." 'చినుకు' అనే మాట కూడా అందులోకే వస్తుందని రెండో రోజు ఎవరో కనిపెట్టారు. దాంతో మెయిళ్ల కింద కంపెనీ పేరు తీసేసి, "ఇట్లు, మీ శ్రేయోభిలాషులు" అని పెట్టమన్నారు.

ఇక భావనారాయణ వానని వదిలేసి సంసారంలో పడ్డాడు. మాడిన పప్పుకి వాసన ఎలా పోగొట్టాలి. ఊరగాయ జాడీకి మూత బిగుసుకుపోతే ఏం చెయ్యాలి. కొత్త చెప్పులు కరవకుండా లోపల ఏం రాయాలి. గోడకి మేకు కొట్టేటప్పుడు వేలికి దెబ్బ తగలకుండా మేకుని దేంతో పట్టుకోవాలి. తనకి తెలియనివి పక్కింటివాళ్లని అడిగాడు, బస్సులో అడిగాడు, రైతుబజారులో వంకాయలు ఏరుతున్న ఆడవాళ్లని అడిగి తిట్లు తిన్నాడు. అన్నిటికీ పచ్చగీతలే.

జనం మెయిళ్లు తెరిచారు. తెరిచి చదివారు. చదివి చుట్టాలకి పంపారు. సామర్లకోట పెద్దాయన మళ్లీ రాశాడు: "బాబూ, మీరెవరో తెలీదు. మా ఆవిడ మీ మెయిల్ చదివాక గానీ పొయ్యి వెలిగించట్లేదు. ఆ దిక్కుమాలిన గొడుగులవాళ్లు పీడించడం మానేశారు, మీరు మంచి మాటలు మొదలుపెట్టారు. దేవుడున్నాడు."

దీన్ని కనకరత్నం గారు హాల్లో చదివి వినిపించారు. చప్పట్లు మోగాయి. సేల్స్ మేనేజరు సత్తిరాజు ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గొడుగులు కదలట్లేదండీ" అన్నాడు.

"నమ్మకం కదులుతోందయ్యా" అన్నారు పరబ్రహ్మం గారు.

"నాలుగు చెప్పాక ఒకటి అడగొచ్చన్నారు కదండీ. ఆ ఒకటీ ఎప్పుడు అడుగుతాం?"

ఎండీ గారు నవ్వారు. చిన్నపిల్లల తెలివితక్కువ ప్రశ్నకి పెద్దలు నవ్వే నవ్వు. "నాలుగు ఇచ్చి ఒకటి అడిగితే మంచి కంపెనీ. నాలుగు ఇచ్చి ఏమీ అడక్కపోతే గొప్ప కంపెనీ. నువ్వు మంచి దగ్గరే ఆగిపోతున్నావు సత్తిరాజూ."

భావనారాయణకి ఈ మాట అమృతంలా అనిపించింది. అడక్కుండా బతకొచ్చు! అతను లోవకుమారితో కూడా ఇదే పద్ధతి మొదలుపెట్టాడు. వాళ్లమ్మ మోకాళ్ల నొప్పికి ఏ నూనె మంచిదో చెప్పాడు. ఏ బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుందో చెప్పాడు. ఆమె సెల్‌ఫోను ఎందుకు వేడెక్కుతోందో చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, "థాంక్సండీ" అని కాసేపు ఎదురుచూసేది. దేనికో అతనికి అర్థమయ్యేది కాదు. అర్థమయ్యేది, కానీ కానట్టు తనకి తనే నచ్చజెప్పుకునేవాడు.

ఒకరోజు ఆమె, "మీ రాతల్లో ఎర్రగీతే పడటం లేదండీ. మనిషన్నాక అప్పుడప్పుడు పడాలి కదా?" అంది.

"పడకుండా చూసుకుంటున్నానండీ" అన్నాడు గర్వంగా.

ఆమె పచ్చ పెన్ను మూత కాస్త గట్టిగానే పెట్టింది.

ఇంతలో సత్తిరాజు మీటింగులో నోరు జారాడు. "సేల్స్‌కి ఇంకో మనిషిని ఇప్పించండి సార్" అన్నాడు. పరబ్రహ్మం గారు ఉలిక్కిపడ్డారు. ముందు ఒక్క ఉపయోగమైనా చెప్పకుండా నేరుగా అడిగేశాడు! బయటివాళ్లకి పెట్టిన నియమం ఇంట్లో వర్తించదా? ఆ వారమే నిష్పత్తి నోటిమాటలకి కూడా వచ్చింది. ఆఫీసు ఆవరణలో ఎవరు ఎవరినేం అడగాలన్నా ముందు నాలుగు ఉపయోగాలు చెప్పి తీరాలి. చెప్పకుండా అడిగితే అది నగ్న విక్రయం. మొదటిసారే ఉద్యోగం పోతుంది.

సత్తిరాజు కూతురి చెవులు కుట్టించడానికి సెలవు కావాల్సొచ్చింది. పరబ్రహ్మం గారి ముందు నిలబడి, "అరటికాయ తొక్కతో పచ్చడి చేసుకోవచ్చండి. చీమలకి పసుపు చల్లాలండి. ఇత్తడికి చింతపండు. గొంతు బొంగురుపోతే మిరియాలు. రేపు సెలవు" అని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాడు. మంజూరైంది. వారం తిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది. స్టాప్లర్ కావాలన్నా, కుర్చీ జరపమన్నా, ముందు ఇంగువో ఇస్త్రీపెట్టో వినాల్సిందే. పనులు నిలిచిపోయాయి గానీ కాకినాడలో మరే ఆఫీసులోనూ ఇంతమందికి ఇన్ని సంగతులు తెలియవు.

ఒక గురువారం మధ్యాహ్నం వాచ్‌మన్ గంగరాజు తల నుంచి కాళ్ల దాకా నీళ్లోడుతూ హాల్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యా! గోడౌను..."

పరబ్రహ్మం గారు నాలుగు వేళ్లు చూపించారు.

"వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో ఎయ్యాలండి. నల్లబడవండి."

"ఒకటి."

"బీరకాయ చెక్కు పారెయ్యకూడదండి."

"రెండు."

"కుంకుళ్లు ఏణ్ణీళ్లలో నానెయ్యాలండి."

"మూడు."

గంగరాజు కళ్లు తేలేశాడు. "నాలుగోది... నాలుగోది నోట్లోనే ఉందండి, రావట్లేదండి!"

"అప్పడాలు చెప్పరా, అప్పడాలు!" అని సత్తిరాజు వెనకనించి గొణిగాడు. అందించడం నిషేధమని పరబ్రహ్మం గారు హెచ్చరించారు. గంగరాజు తల గోక్కున్నాడు, పైకి చూశాడు, కాళ్లు మార్చాడు. అతని కింద నీళ్లు చిన్న మడుగు కట్టాయి. చివరికి, "తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకూడదండి!" అని అరిచాడు. 'తడి' సందర్భోచితమేనా అని పరబ్రహ్మం గారు కాసేపు ఆలోచించి, సరేనన్నారు.

"గోడౌను పైరేకులు గాలికి ఎగిరిపోయాయండి! వాన లోపలే పడతందండి! గొడుగులన్నీ తడిసిపోతన్నాయండి!"

వాన అన్నందుకు అతనికి మెమో రాసిచ్చి, అందరూ పరిగెత్తారు.

అమ్ముడుపోని గొడుగుల పెట్టెలు పైకప్పు ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి మీద వాన ధారగా పడుతోంది. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు కనకరత్నం గారే ముందుకొచ్చి, ఒక పెట్టె చింపి, గొడుగు తీసి, మిగతా గొడుగుల మీద పట్టారు. అందరూ అదే చేశారు. గొడుగులు తడవకుండా గొడుగులు పట్టుకుని కంపెనీ కంపెనీ అంతా నిలబడింది. ఏవి తడవొచ్చో, ఏవి తడవకూడదో తెలియక, సత్తిరాజు ఒక చేత్తో గొడుగు మీద గొడుగు, రెండో చేత్తో ఆ పై గొడుగు మీద ఇంకో గొడుగు పట్టుకుని, "ఎవరన్నా చూస్తే కొంటారేమోనండీ" అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. పరబ్రహ్మం గారు కూడా నవ్వబోయి ఆపుకున్నారు.

ఒక మూల భావనారాయణ, లోవకుమారి ఒకే గొడుగు కింద ఇరుక్కున్నారు.

"ఆదివారం మా ఇంటికి పెళ్లిచూపులకి వస్తున్నారండీ" అంది ఆమె, పెట్టెల వైపు చూస్తూ. "తునివాళ్లు. అబ్బాయి ఇన్సూరెన్సులో ఉన్నాడు. మా నాన్నకి నచ్చేశాడు. నాకే ఇంకా..." అని ఆగింది.

భావనారాయణ గొంతులో అసలు మాట కదిలింది. కదలగానే దాని అడుగు కనిపించింది. మాట మారిపోయింది.

"తుని నుంచి ఆదివారం ప్యాసింజరు ఆలస్యంగా వస్తుందండీ. వంట కాస్త నిదానంగా మొదలుపెట్టుకోవచ్చు."

"ఇంకా?"

"బొబ్బట్లు చేస్తే పూర్ణం ముందురోజే చేసి పెట్టుకోవాలి."

"ఇంకా?"

"చేటంత అరిటాకులు మెయిన్‌రోడ్డులో కన్నా జగన్నాథపురంలో..."

"భావనారాయణ గారూ!" ఆమె గొడుగు కర్ర పట్టుకుని అతని వైపు తిరిగింది. "మీకేం కావాలండీ?"

"మీరు కాస్త ఇటు జరిగితే భుజం తడవదండీ" అన్నాడు అతను.

ఆమె అతని ముఖంలోకి చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు. "తుని ఆయన నయమండీ. ఫోన్లో మొదటి మాటకే పాలసీ తీసుకోమన్నాడు. మనిషికి ఏం కావాలో తెలిసిపోయింది. మీతో ఇంతకాలం మాట్లాడాను, మీ గురించి నాకు ఒక్క ముక్క తెలీదు. రేపు మాత్రమే వస్తాను. ఎల్లుండి సెలవు పెట్టాను." గొడుగు అతని చేతికిచ్చి ఆమె వానలోకి నడిచిపోయింది.

భావనారాయణ ఆ సాయంత్రం గదికి వెళ్లలేదు. తడి బట్టలతోనే భానుగుడి దాకా నడిచాడు. తనని తాను తిరగేసి చూసుకోవడంలో అతన్ని మించినవాడు లేడు కదా, ఈసారి ఇంకాస్త లోపలికి చూశాడు. 'కావాలి' కింద ఇంకో అర ఉంది. ఇన్నాళ్లూ అక్కడిదాకా వెళ్లలేదు. అందులో ఉన్నది భయం. అడిగితే కాదంటారేమోనని భయం. తను పంచిపెట్టిన ఉపయోగాలన్నీ దాని చుట్టూ కట్టుకున్న గోడ. అడగనివాడిని ఎవరూ కాదనలేరు. సామర్లకోట పెద్దాయన దేవుడున్నాడని దండం పెట్టింది ఆ గోడకే. తనది దయ కాదు, దాక్కోవడం. దానికి ఇన్ని పచ్చగీతలు!

శుక్రవారం మధ్యాహ్నం సమీక్షా సమావేశం. కనకరత్నం గారు ఉత్సాహంతో ఊగిపోతున్నారు.

"మన మెయిళ్లలో అమ్మకం సున్నా. ఉపయోగం నూటికి నూరు. అయినా నా మనసుకి తృప్తి లేదు. ఎందుకో తెలుసా? మనం ఇంకా గొడుగులు తయారు చేస్తున్నాం! కంపెనీ బోర్డు మీద గొడుగు బొమ్మ ఉంది. దారినపోయేవాడు చూస్తాడు, వాన గుర్తొస్తుంది, కొనాలనిపిస్తుంది. ఇది పీడించడం కాదా?"

"పరోక్ష విక్రయ ప్రేరణ అండీ" అన్నారు పరబ్రహ్మం గారు.

"అందుకని వచ్చే నెల నుంచి తయారీ ఆపేద్దామనుకుంటున్నాను. మనం ఉత్త ఉపయోగంగా మిగిలిపోదాం."

చప్పట్లు ఆగలేదు. సత్తిరాజు కూడా కొట్టాడు, ఏడుస్తూ.

"ఈ ఘనత మన భావనారాయణది" అన్నారు ఎండీ గారు. "రావయ్యా, నీ నోటితో నాలుగు మంచి ముక్కలు చెప్పు."

భావనారాయణ లేచాడు. లోవకుమారి కిటికీలోంచి బయటికి చూస్తోంది. అతను నాలుగు ముక్కల కోసం వెతికాడు. చింతపండు, పసుపు, మిరియాలు, అన్నీ నాలుక మీద వరుసగా నిలబడ్డాయి. వాటిని అక్కడే నిలబెట్టేశాడు.

"నాకు లోవకుమారి గారిని పెళ్లి చేసుకోవాలని ఉందండీ" అన్నాడు.

గంగరాజు తలుపు దగ్గర నిలబడి నోరు తెరిచాడు.

"దీనికి ముందు నాలుగు?" అన్నారు పరబ్రహ్మం గారు, అలవాటు కొద్దీ.

"లేవండీ."

"ఒక్కటైనా?"

"ఒక్కటీ లేదండీ. నాకు కావాలి. అంతే. ఆదివారం తునివాళ్లు రాకముందే చెప్పాలని చెప్తున్నాను. ఉద్యోగం పోతుందని తెలుసు."

పరబ్రహ్మం గారి ముఖం ఎర్రబడింది. కోపం అనుకున్నారు అందరూ. కానీ అది విద్వాంసుడికి కొత్త సమస్య దొరికిన ఆనందం. "తొందరపడకూడదు. వాక్యం గ్రహీతకి మేలు చేస్తే ఉపయోగం. వక్తకి మేలు చేస్తే అమ్మకం. ఇక్కడ వక్తకి పెళ్లవుతుంది. అమ్మకం. కానీ గ్రహీతకి కూడా పెళ్లవుతుంది!"

"కాబట్టి ఉపయోగమే కదండీ!" అన్నాడు సత్తిరాజు ఆశగా.

"పెళ్లి గ్రహీతకి మేలేనని ఎవరు ధ్రువీకరిస్తారు? పెళ్లైనవాళ్లు చేతులెత్తండి."

సగం చేతులు లేచాయి, కొన్ని మళ్లీ దిగాయి. కనకరత్నం గారు తన చెయ్యి సగం ఎత్తి అక్కడే ఉంచారు. అకౌంటెంటు, పెళ్లయ్యాక తన బీపీ ఎంత పెరిగిందో చెప్పబోయాడు. క్యాషియరు పెళ్లయ్యాకే తనకి గుడ్డు కూర రుచి తెలిసిందన్నాడు. ఇద్దరూ కలబడబోయారు. చివరికి పరబ్రహ్మం గారు బల్ల చరిచి, నియమం ప్రకారం వర్గీకరణ చెయ్యాల్సింది సహాయకురాలేనని తేల్చారు.

"చెప్పమ్మా లోవకుమారీ. పచ్చా, ఎరుపా? మొహమాటపడకు. శాస్త్రీయంగా చెప్పు."

లోవకుమారి కిటికీ నుంచి ఇటు తిరిగింది. భావనారాయణని తీరిగ్గా పైనుంచి కింది దాకా చూసింది, ఫిర్యాదుకొచ్చిన గొడుగుని చూసినట్టు.

"అమ్మకమేనండీ" అంది.

భావనారాయణ కూర్చోవడానికి కుర్చీ వెనక్కి లాగాడు. చిత్రంగా, అతనికి తేలిగ్గా ఉంది. కాదన్నారు. కాదంటే ఇంతేనన్నమాట.

"ఇందులో ఉపయోగం ఇసుమంత కూడా లేదండీ. పచ్చి అమ్మకం" అంటూ ఆమె లేచి నిలబడింది. "నేను తీసుకుంటున్నాను. ఆదివారం సంగతి మా నాన్నతో నేను మాట్లాడతాను."

మొదట అర్థమైంది సత్తిరాజుకే. "పోయిందండీ! సరుకు పోయింది!" అని కుర్చీ ఎక్కి గంతులేశాడు. ఎన్నో నెలల తర్వాత ఆ కంపెనీలో ఎవరో ఏదో కొన్నారు. క్యాషియరు, అకౌంటెంటు వాటేసుకున్నారు. గంగరాజు ఈల వేశాడు. కనకరత్నం గారు చప్పట్లు కొట్టబోయి, కొట్టొచ్చో లేదో తెలియక పరబ్రహ్మం గారి వైపు చూశారు. ఆయన, నియమం ప్రకారం భావనారాయణని ఉద్యోగంలోంచి తీసెయ్యాల్సిందేనని, అయితే కంపెనీకి ఈ మధ్య వచ్చిన ఏకైక అమ్మకం అతనిదే కాబట్టి వెంటనే సేల్స్‌లో వెయ్యాల్సిందేనని, రెండు ఉత్తర్వులూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. వినేవాళ్లు లేరు.

వాళ్లిద్దరూ అప్పటికే మెట్లు దిగి రోడ్డెక్కారు.

"ఇప్పుడేం చెప్తారు?" అంది లోవకుమారి.

భావనారాయణ వెతుక్కున్నాడు. చెప్పాల్సింది చెప్పేశాడు. అడగాల్సింది అడిగేశాడు. లోపల ఏమీ మిగల్లేదు.

"ఆ కుక్క చూడండి, ఒక చెవి నిలబెట్టి ఒక చెవి వేలాడేసి పడుకుంది" అన్నాడు.

"అవునండోయ్" అంది ఆమె, ఆగి చూసి. "మా చిన్నాన్న కూడా అలాగే పడుకుంటాడు."

"చెవులు నిలబెట్టా?"

"కాదు, ఒక చెప్పు వేసుకుని."

ఇద్దరూ నవ్వుకుంటూ బీచ్ రోడ్డు వైపు నడిచారు. చీకటి పడేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ మాటల్లో ఎవరికైనా పనికొచ్చేది ఒక్కటంటే ఒక్కటి లేదు.